కిడ్నీ జబ్బుంటే బంగాళాదుంప మానేయాలా? అండమాన్ తెలుగువారి వంటింట్లో లెక్క వేరు

అండమాన్‌లో బంగాళాదుంప పండదు. దుంప ఊరాలంటే రాత్రిపూట చలి ఉండాలి, ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటే మంచిది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాది పొడవునా ఉక్కపోతే. అందుకే అక్కడి బజారులో కనిపించే ప్రతి దుంపా సముద్రం దాటి రావాల్సిందే. కోల్‌కతా అయినా, చెన్నై అయినా, విశాఖపట్నం అయినా ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. ఆ ప్రయాణాన్ని తట్టుకుని పాడవకుండా నిలిచే కూరగాయలు కొన్నే: ఉల్లి, గుమ్మడి, బంగాళాదుంప. వానాకాలంలో ఓడలు ఆలస్యమైతే ఆకుకూరలు, టమాటాలు ముందు మాయమవుతాయి. చివరిదాకా బుట్టలో మిగిలేది దుంపే.

ఇదే దుంపను కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే 'తినకూడనివి' జాబితాలో మొదటి వరుసలోనే రాస్తారు. అరటిపండు, కొబ్బరినీళ్లు, బంగాళాదుంప. విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్నవాళ్లు ఆ జాబితా చూసి సొరకాయ, బీరకాయ కొనుక్కుంటారు. ఓడ రాని వారంలో లిటిల్ అండమాన్‌లోని హట్ బేలో ఉన్న కుటుంబం ఏం కొనుక్కోవాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరంలోనే ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెలుగు వినపడని పూట ఉండదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఈ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చింది కానీ వాడుకలో పాత పేరే ఇంకా నడుస్తోంది.

శ్రీకాకుళం వాళ్లకు కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానం పేరు చెబితే జీడితోటలు, కొబ్బరితోటల కంటే ముందు డయాలిసిస్ గుర్తొస్తోంది. అక్కడి రోగుల కోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూల కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఉద్దానంలో కనిపించేది అండమాన్‌లో ఉందని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. షుగరు, బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతినడం ఎక్కడైనా ఉన్నదే. అయితే సముద్రానికి ఇవతల ఉన్న బంధువులు ఫోన్‌లో చెప్పే పథ్యం అవతల వంటింటికి యథాతథంగా సరిపోదు.

దుంపతో గొడవ ఏమిటి?

గొడవంతా పొటాషియంతోనే. కండరాలు ముడుచుకోవడానికి, నరాలు సంకేతాలు పంపడానికి, గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి ఈ ఖనిజం కావాలి. తిన్నదాంట్లో ఎక్కువైన పొటాషియాన్ని ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు మూత్రంలో బయటికి పంపేస్తాయి. కిడ్నీల పని బాగా తగ్గాక అది రక్తంలో పేరుకుంటుంది. రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉంటే మామూలు. 6 దాటితే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. కొందరికి కాళ్లు బరువెక్కడం, నీరసం, గుండె దడ కనిపిస్తాయి. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. దీనిలోని అసలు భయం అదే.

వంద గ్రాముల పచ్చి బంగాళాదుంపలో దాదాపు 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మధ్యస్థ దుంప 150 గ్రాములు తూగుతుందనుకుంటే 600 మిల్లీగ్రాములు దాటుతుంది. పొటాషియం తగ్గించాల్సిన రోగికి రోజు మొత్తానికి 2,000 నుంచి 3,000 మిల్లీగ్రాముల మధ్య ఒక హద్దు పెట్టడం మామూలు. ఒక్క దుంపతోనే అందులో నాలుగో వంతు అయిపోవచ్చు. పోల్చి చూస్తే వంద గ్రాముల తెల్లన్నంలో ఉండేది 35 మిల్లీగ్రాములే.

పొటాషియం పక్కన పెడితే బంగాళాదుంప కిడ్నీ రోగికి శత్రువేమీ కాదు. సోడియం దాదాపు లేదు. భాస్వరం తక్కువ, ఉన్నది కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. మాంసకృత్తులు వంద గ్రాములకు 2 గ్రాములే కాబట్టి డయాలిసిస్‌కు ముందు దశలో ప్రోటీన్ తగ్గించమన్నవాళ్లకు అది అడ్డు కాదు. పైగా కడుపు నింపుతుంది. ఆకలి చచ్చి, బరువు తగ్గిపోతున్న రోగికి ఇది చిన్న విషయం కాదు.

అందరికీ నిషేధం లేదు

క్రియాటినిన్ కొంచెం పెరిగిందని తెలిసిన రోజే ఇంట్లో బంగాళాదుంప, అరటిపండు, టమాటా బంద్ చేయడం మన దగ్గర రివాజు అయిపోయింది. వైద్యశాస్త్రం ఇప్పుడు అలా చెప్పడం లేదు. అమెరికా కిడ్నీ పౌష్టికాహార మార్గదర్శకాలు 2020లో, అంతర్జాతీయ సంస్థ కేడిగో 2024లో చెప్పినది దాదాపు ఒకటే: రక్తంలో పొటాషియం ఎంత ఉందో చూసి, దాన్ని బట్టి ఆ మనిషికి తగినట్టు ఆహారం మార్చాలి. తొలి దశల్లో, రక్తంలో పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లకు ముందస్తు నిషేధం అక్కర్లేదు.

కొందరికి అది మామూలుకంటే తక్కువగా కూడా ఉంటుంది. మధ్య అమెరికా చెరకు కూలీల్లో, ఉద్దానంలో మాదిరే కారణం తేలని కిడ్నీ జబ్బులో, రక్త పొటాషియం తక్కువగా ఉండటం నమోదైంది. పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకూ అది పడిపోవచ్చు. అలాంటివాళ్లు పక్కింటి రోగి పథ్యం పాటిస్తే మేలు బదులు కీడు జరుగుతుంది.

పొటాషియం పెరిగిన ప్రతిసారీ తప్పు తిండిదే అనుకోవడమూ సరికాదు. బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు (రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటివి) దాన్ని పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, అవి కిడ్నీని, గుండెను కాపాడటానికి ఇచ్చినవే. మలబద్ధకం ఇంకో కారణం. కిడ్నీలు పనిచేయనప్పుడు పొటాషియంలో కొంత భాగం పేగుల దారిన పోతుంది, ఆ దారి కూడా మూసుకుంటే పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లినా పరీక్షలో అంకె తప్పుగా ఎక్కువ కనిపిస్తుంది. అందుకే అంకె హఠాత్తుగా పెరిగితే డాక్టర్లు తరచూ మరోసారి రక్తం తీయిస్తారు.

కిడ్నీలో రాళ్లు ఉండటం వేరు, కిడ్నీలు పాడవడం వేరు. రెండింటినీ 'కిడ్నీ ప్రాబ్లం' అనే ఒకే మాటలో చెప్పుకోవడం వల్ల పథ్యాలు కలిసిపోతున్నాయి. రాళ్లు మాత్రమే ఉండి కిడ్నీలు బాగా పనిచేస్తున్నవాళ్లకు పొటాషియం భయం లేదు. వాళ్లు చూసుకోవాల్సింది ఆక్సలేట్, ఉప్పు, తాగే నీళ్లు. బంగాళాదుంపలో ఆక్సలేట్ ఓ మోస్తరుగా ఉంటుంది, తొక్కతో తింటే ఇంకాస్త ఎక్కువ.

గంజి వార్చినట్టు వార్చాలి

పొటాషియం నీళ్లలో కరుగుతుంది. దుంపలోంచి దాన్ని తీయడానికి ఉన్న కిటుకంతా ఇదే. అయితే ఎలా తీయాలన్న దానిమీద చాలాకాలం చలామణిలో ఉన్న సలహా, ముక్కలు కోసి రాత్రంతా నీళ్లలో నానబెట్టమని. చాలా ఆసుపత్రుల పథ్యం కాగితాల మీద ఇప్పటికీ అదే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పాల్ బెత్కే, షెల్లీ జాన్‌స్కీ 2008లో దీన్ని పరీక్షించారు. ఊరికే నానబెడితే పొటాషియం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చిన్న ముక్కలుగా కోసి ఉడికిస్తే దాదాపు సగం పోయింది. తురిమి ఉడికిస్తే 75 శాతం దాకా పోయింది. అంటే రాత్రంతా ఎదురుచూడటం కంటే పొయ్యి మీద పది నిమిషాలే నయం.

పద్ధతి ఇలా. తొక్క పూర్తిగా తీయాలి. సెంటీమీటరు ముక్కలుగా, లేదా ఇంకా సన్నగా కోయాలి. ముక్కలు బాగా మునిగి, ఇంకా పైన నీళ్లు తేలేంత పెద్ద గిన్నె పెట్టాలి. ముక్క మెత్తబడేదాకా ఉడికించి, అన్నం గంజి వార్చినట్టు ఆ నీళ్లన్నీ వార్చేయాలి. పొటాషియం బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు ఒక పొంగు రాగానే నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించమని పౌష్టికాహార నిపుణులు చెబుతారు. వార్చిన నీళ్లను చారులోనో పప్పులోనో కలిపితే చేసిన పనంతా వృథా. పోర్ట్ బ్లెయిర్‌లో ఎండాకాలం కుళాయి నీళ్లకు కోత ఉంటుంది కాబట్టి ఒక గిన్నెడు నీళ్లు పారబోయడానికి చేతులు రావు. చల్లారాక మొక్కలకు పోస్తే సరి, వాటికి పొటాషియం ఎరువే.

మన ఇళ్లలో పొరపాటు ఎక్కువగా ప్రెషర్ కుక్కర్ దగ్గర జరుగుతుంది. దుంపలను తొక్కతో నిండుగా పెట్టి మూడు విజిళ్లు రానిచ్చి, తర్వాత తొక్క తీస్తాం. తొక్క కంచెలా పనిచేస్తుంది, నీళ్లు తగిలే మేర కూడా తక్కువ. పొటాషియంలో ఎక్కువ భాగం లోపలే ఉండిపోతుంది. ఆవిరి మీద ఉడికించినా, మైక్రోవేవ్‌లో పెట్టినా, నిప్పుల్లో కాల్చినా అంతే. కాల్చిన దుంపలో నీరు ఆవిరైపోతుంది కాబట్టి వంద గ్రాములకు 500 మిల్లీగ్రాములు దాటుతుంది.

రెండో పొరపాటు పులుసులో. బెంగాలీ, తమిళ, తెలుగు ఇళ్లు పక్కపక్కనే ఉండే ఈ దీవుల్లో చేపల కూరలో ఆలూ ముక్కలు వేయడం వింతేమీ కాదు. (దుంప పేరులోనే బంగాళం ఉంది మరి.) పచ్చి ముక్కలను నేరుగా పులుసులో వేసి ఉడికిస్తే పొటాషియం ముక్కలోంచి బయటికి వస్తుంది, కానీ వచ్చి పులుసులోనే ఉంటుంది. ఆ పులుసు అన్నంలో కలుపుకుంటాం. పైగా చింతపండులోనూ, టమాటాలోనూ, చేపలోనూ పొటాషియం ఉంది. చేయాల్సింది సులువే: ముక్కలు విడిగా ఉడికించి, నీళ్లు వార్చి, చివర్లో పులుసులో వేయడం. ఆ రోజు టమాటా మానేసి చింతపండు తగ్గించుకోవచ్చు, పులుపు చాలకపోతే కాస్త నిమ్మరసం పిండుకోవచ్చు.

ఎండుచేపతోనో ఎండురొయ్యలతోనో ఆలూ వండితే పొటాషియం కంటే ఉప్పు పెద్ద సమస్య. ఉప్పు దాహం పెంచుతుంది, దాహానికి నీళ్లు తాగితే ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ పెరుగుతుంది. డయాలిసిస్ రోగికి ఎండుచేప తినాలనిపిస్తే బాగా కడిగి నానబెట్టి, అరుదుగా, రుచికి ఒక ముక్క. అంతే.

వార్చిన ముక్కలతో వేపుడు చేసుకోవచ్చు, ఆవపెట్టి కూర చేసుకోవచ్చు, ఉల్లికారం పెట్టుకోవచ్చు. రుచి కాస్త చప్పబడుతుంది, అది నిజం. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు చాలావరకు సర్దుతాయి. పరిమాణం మాత్రం చిన్న కప్పు దాటకూడదు. అర దుంప (75 గ్రాములు) ముక్కలుగా ఉడికించి వారిస్తే పొటాషియం సుమారు 160 మిల్లీగ్రాములకు దిగుతుంది. దాన్ని రోజు లెక్కలో ఇముడ్చుకోవచ్చు. అదే పద్ధతిలో రెండు దుంపలు తింటే మళ్లీ 600 దాటుతుంది. వార్చడం పొటాషియాన్ని తగ్గిస్తుంది కానీ సున్నా చేయదు.

షుగరు కూడా ఉన్నవాళ్లు దుంపను కూరగా కాక అన్నంలో భాగంగా లెక్కవేసుకోవాలి. ఆలూ తిన్న పూట అన్నం అంత మేర తగ్గాలి.

చిప్స్ సంగతి వేరే చెప్పాలి. నూనెలో వేగితే నీరు పోతుంది, పొటాషియం పోదు. వంద గ్రాముల చిప్స్‌లో 1,200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఉప్పు అదనం. ఫ్రీజర్‌లో దొరికే ఫ్రెంచ్ ఫ్రైస్‌లో రంగు మారకుండా ఫాస్ఫేట్లు కలుపుతారు. సహజంగా ఉండే భాస్వరంలా కాక ఇది దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది. పడవ ప్రయాణంలో కాలక్షేపానికి కొనే ప్యాకెట్ కిడ్నీ రోగికి తగదు.

స్థానిక దుంపలు మేలా?

దిగుమతి దుంప ఎందుకు, ఇక్కడ పండేవే తింటే పోలేదా అని అనిపించవచ్చు. పెండలం, చేమ, కంద, కర్రపెండలం, చిలగడదుంప ఈ నేలలో బాగా పండుతాయి. నికోబారీల ఆహారంలో దుంపలకు పెద్ద స్థానమే ఉంది. కానీ పొటాషియం విషయంలో ఇవి మేలు కాదు. వంద గ్రాముల పచ్చి పెండలం జాతి దుంపలో 800 మిల్లీగ్రాములు, చేమదుంపలో 590 వరకు ఉంటుంది. చిలగడదుంప 340, కర్రపెండలం 270 దగ్గర ఉంటాయి. చేమ, కందల్లో గొంతు దురద పెట్టించే ఆక్సలేట్ కూడా ఉంది. ఏ దుంప తిన్నా తొక్క తీసి, సన్నగా కోసి, ఉడికించి వార్చాలి. కర్రపెండలాన్ని కిడ్నీలు బాగున్నవాళ్లు కూడా పచ్చిగా తినకూడదు.

ఓడలో వచ్చే బంగాళాదుంపలు తేమకు మొలకెత్తుతాయి, వెలుతురు తగిలి పచ్చబడతాయి. పచ్చబడిన భాగంలో, మొలకల్లో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా అది పోదు. కొద్దిగా ఉంటే ఆ భాగాన్ని లోతుగా కోసి తీసేయాలి, బాగా పచ్చబడితే పారేయాలి.

కొబ్బరినీళ్లు, 'తక్కువ సోడియం' ఉప్పు

దుంప మానేసి ఇవి రెండూ వదలకపోతే ప్రయోజనం లేదు. కొబ్బరినీళ్లలో వంద మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం. 300 మిల్లీలీటర్లు ఉండే ఒక బొండంతో 750. అంటే వార్చిన ఆలూ కూర నాలుగు కప్పులతో సమానం, కొంచెం ఎక్కువే. పెరట్లో చెట్టుంది, 'కిడ్నీకి చలవ' అన్న నమ్మకమూ ఉంది. పొటాషియం ఎక్కువ ఉన్న రోగికి ఇది దుంప కంటే ప్రమాదకరం, ఎందుకంటే తాగుతున్నప్పుడు తిన్నట్టే అనిపించదు.

బీపీ ఉన్నవాళ్లకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం క్లోరైడ్‌కు బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్న బీపీ రోగికి అది మేలే. కిడ్నీ రోగికి మాత్రం డాక్టరును అడగకుండా ఇంట్లోకి తేకూడదు. ప్యాకెట్ వెనక 'పొటాషియం క్లోరైడ్' అని ఉందేమో చూడాలి.

సముద్రం బాగోలేని రోజు

అండమాన్‌కు మాత్రమే వర్తించే లెక్క ఇక్కడ మొదలవుతుంది. జి.బి. పంత్ ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. డిగ్లీపూర్ నుంచి అక్కడికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల దాకా రావాలి. హట్ బే, హేవ్‌లాక్, నీల్, కార్ నికోబార్ వాళ్లకు ఎక్కువగా ఓడే గతి. తుపాను హెచ్చరిక రాగానే పడవలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో వార్దా తుపానుగా మారిన వాయుగుండం సమయంలో హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునే మనిషి పరిస్థితి ఊహించవచ్చు.

పడవ ఆగితే రెండూ ఒకేసారి జరుగుతాయి. డయాలిసిస్ తప్పుతుంది, తాజా కూరగాయలు రావు. ఇంట్లో మిగిలేవి బంగాళాదుంప, పెరటి కొబ్బరి, పెరటి అరటి, పప్పు. రక్తంలోంచి పొటాషియాన్ని తీసే యంత్రం అందనప్పుడే అది ఎక్కువగా ఉన్న తిండి చేతికి దగ్గరగా ఉంటుంది.

మామూలు రోజున ఒక కప్పు వార్చిన ఆలూ తినగలిగిన రోగి, డయాలిసిస్ తప్పిన రోజు నుంచి మళ్లీ అయ్యేదాకా దాన్ని కూడా పక్కన పెట్టాలి. ఆ రోజుల తిండి తెల్లన్నం, బొంబాయి రవ్వ, సేమియా, ఉల్లిపాయ. డాక్టరు ఒప్పుకుంటే కొద్దిగా గుడ్డో చేపో. శక్తి కోసం నూనె, నెయ్యి. షుగరు లేనివాళ్లకు పంచదార. నీళ్లు, ఉప్పు మామూలుకంటే తగ్గాలి. గంజి, మజ్జిగ కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి. ఈ సరుకులు నాలుగైదు రోజులకు సరిపడా ఒక డబ్బాలో విడిగా ఉంచుకుంటే, వేరే ఏమీ లేక దుంప ఉడకేసే పరిస్థితి రాదు.

తుపాను కాలం రాకముందే డాక్టరును అడిగి రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డయాలిసిస్ ఎన్ని రోజులు ఆలస్యమైతే ఏం చేయాలి, రోజుకు నీళ్లు ఎంత, పొటాషియాన్ని పేగుల్లోనే పట్టి బయటికి పంపే పొడి మందు ఇంట్లో ఉంచుకోవచ్చా, ఉంటే మోతాదు ఎంత, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ ఉందా. ఈసీజీ ఎందుకంటే, ప్రయోగశాల లేని చోట కూడా పొటాషియం ప్రమాదకరంగా పెరిగినట్టు అది కొన్నిసార్లు పట్టిస్తుంది. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన పొటాషియం పెరగలేదని కాదు.

కాళ్లు చేతులు సచ్చుబడినట్టు ఉండటం, గుండె కొట్టుకోవడంలో తేడా, కళ్లు తిరగడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా వాతావరణం తెరిపి ఇచ్చేదాకా ఆగకుండా దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి చేరాలి. ఈ స్థితిలో సిరలోకి ఎక్కించే కాల్షియం, గ్లూకోజుతో కలిపి ఇచ్చే ఇన్సులిన్ వంటి అత్యవసర మందులు పోర్ట్ బ్లెయిర్ చేరేదాకా గుండెను కాపాడగలవు.